సెప్టెంబరు 11 సంతాపాలు: తేదీలు, లెక్కలు, తేడాలు

ఒక దేశం మీద దాడి జరిగినప్పుడు మిగతా దేశాలు పంపే సంతాప సందేశాలను చరిత్రకారులు సాధారణంగా పక్కన పెడతారు. అవి మర్యాద కోసం రాసినవనీ, వాటిలో సరుకు తక్కువనీ ఒక అభిప్రాయం ఉంది. అది కొంతవరకు సరైనదే కావచ్చు. 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద జరిగిన దాడుల తర్వాత వచ్చిన సంతాపాల విషయంలో మాత్రం ఇబ్బంది వేరు. వాటిని జనం మరిచిపోలేదు; ఇరవై ఏళ్లకు పైగా చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పుకున్నకొద్దీ తేదీలు అటూఇటూ జరిగాయి, షరతులు రాలిపోయాయి, ఒకరు రాసిన మాట మరొకరి నోట చేరింది. అలాంటి కొన్ని సందర్భాలను అప్పటి పత్రాలతో, వార్తలతో సరిపోల్చి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. సంతాపం చెప్పినవారి మనసును శంకించడం ఇక్కడి పని కాదు. ఆ మనసుకు సాక్ష్యంగా చూపే వివరాలు ఎంతవరకు నిలుస్తాయన్నదే ప్రశ్న.

1. విచారణకు అనువైన తొలి పత్రం 2001 సెప్టెంబరు 20 రాత్రి అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ అమెరికన్ కాంగ్రెస్ ఉభయసభల ముందు చేసిన ప్రసంగం. యుద్ధానికి సన్నాహంగానే దాన్ని ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. అయితే అందులో మొదట్లోనే ఒక చిన్న పట్టిక వంటి భాగం ఉంది. తమకు అండగా నిలిచినవారిని అధ్యక్షుడు అక్కడ పేరుపేరునా తలచుకున్నాడు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనూ, పారిస్ వీధుల్లోనూ, బెర్లిన్‌లోని బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గరా తమ జాతీయగీతం వినిపించడం. సియోల్‌లో అమెరికన్ రాయబార కార్యాలయం ముందు కొరియా పిల్లలు ప్రార్థించడం. కైరోలో ఒక మసీదులో చేసిన ప్రార్థనలు. ఆస్ట్రేలియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలో పాటించిన మౌనం, సంతాప దినాలు. దీని వెంటనే, తమతోపాటు ప్రాణాలు కోల్పోయిన ఇతర దేశాలవారి ప్రస్తావన వస్తుంది. దాడి జరిగి తొమ్మిది రోజులే అయింది కాబట్టి ఈ పట్టికను సమకాలిక సాక్ష్యంగా తీసుకోవచ్చు. సంపూర్ణమైన సాక్ష్యంగా తీసుకోవడానికి మాత్రం వీలులేదు. కారణాలు కింద చూడవచ్చు.

2. ముందుగా మృతుల లెక్క. ఎవరి కోసం ఎవరు దుఃఖించారన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

బుష్ తన ప్రసంగంలో 80 ఇతర దేశాల పౌరులు మరణించారని చెప్పాడు. భారత పౌరులు 250 మందికి పైగా, ఇజ్రాయెల్ పౌరులు 130 మందికి పైగా, పాకిస్తానీలు డజన్ల కొద్దీ, బ్రిటిష్ పౌరులు వందల్లో అని లెక్క ఇచ్చాడు. ఈ సంఖ్యల్లో చాలావరకు తర్వాత నిలవలేదు. బ్రిటన్ తన పౌరుల సంఖ్యను చివరికి 67గా స్థిరపరిచింది. ఇజ్రాయెల్ పౌరుల సంఖ్య 5కు దిగింది. భారతీయుల సంఖ్య కూడా తర్వాతి జాబితాల్లో వందల నుంచి పదుల్లోకి వచ్చింది. దేశాల సంఖ్య మాత్రం ఇందుకు భిన్నంగా పెరిగింది: న్యూయార్క్ స్మారక సంస్థ ఇప్పుడు 90కి పైగా దేశాలు అంటుంది.

అధ్యక్షుడి ప్రసంగంలో ఇంత తేడా ఎలా వచ్చిందన్నదానికి సమాధానం ఆ రోజుల్లో లెక్క కట్టిన పద్ధతిలోనే దొరుకుతుందని అనుకోవచ్చు. అప్పటికి ఉన్నది మృతుల జాబితా కాదు, ఆచూకీ తెలియనివారి జాబితా. ఫోన్ లైన్లు కలవక, ఒకే మనిషి కోసం తల్లిదండ్రులు ఒకచోట, స్నేహితులు ఇంకోచోట, పనిచేసే కంపెనీ మరోచోట పేరు నమోదు చేయించారు. పేర్ల స్పెల్లింగులు వేరువేరుగా పడ్డాయి. మనిషి క్షేమంగా ఇల్లు చేరాక పేరు కొట్టేయించాలన్న సంగతి చాలామందికి తట్టలేదు. ఆ నెలలో న్యూయార్క్ నగర అధికారుల మొత్తం సంఖ్యే 6,000 దాటింది. నెలలు గడిచినకొద్దీ అది 3,000 కిందికి దిగింది. ఈనాడు అంగీకృతమైన సంఖ్య 2,977: వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర 2,753, పెంటగాన్ దగ్గర 184, పెన్సిల్వేనియాలో 40. దాడి చేసిన 19 మంది ఇందులో లేరు. న్యూయార్క్ సంఖ్యలోనూ, ఆనాటి ధూళి పీల్చి జబ్బుపడి తర్వాత చనిపోయిన కొద్దిమందిని ఏళ్ల తరబడి ఒక్కొక్కరుగా చేర్చుతూ వచ్చారు. అందుచేత 2,749 అని ఒక పుస్తకంలోనూ, 2,752 అని మరో పుస్తకంలోనూ కనిపిస్తే అవి అచ్చుతప్పులని తొందరపడి అనకూడదు; ఏ ఏడు రాసిన పుస్తకమో చూసుకోవాలి.

భారతీయుల విషయంలో మరో చిక్కు ఉంది. పాస్‌పోర్టును బట్టి లెక్కిస్తే ఒక సంఖ్య, పుట్టిన ఊరిని బట్టి లెక్కిస్తే మరో సంఖ్య వస్తాయి. పౌరసత్వం తీసుకున్నవాడు చనిపోతే న్యూఢిల్లీ లెక్కలో అమెరికన్. సొంత ఊళ్లో బంధువుల దృష్టిలో మనవాడే. అమెరికాలో మనవాళ్లకు ఆపద వచ్చినప్పుడల్లా తెలుగు పత్రికల్లో ఈ రెండు లెక్కలూ కలగలిసిపోవడం పాఠకులు ఎరిగినదే. రెండూ తప్పు కాదు. కాకపోతే ఒకదానితో ఒకటి కూడటానికీ, ఒకదానితో ఒకటి ఖండించడానికీ పనికిరావు. 250 అన్న సంఖ్య ఈ గందరగోళం నుంచి కూడా కొంత పుట్టి ఉండవచ్చు. ఏది ఏమైనా, ఆ సంఖ్యను నేటికీ ఎత్తిరాసేవారు అది సెప్టెంబరు 20 నాటి అంచనా అని పక్కనే రాయడం న్యాయం.

3. బకింగ్‌హామ్ ప్యాలెస్ ఘట్టం. ఇది 2001 సెప్టెంబరు 13, గురువారం నాటిది. గార్డు మారే వేళ కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ బ్యాండు అమెరికన్ జాతీయగీతం వాయించింది, మౌనం పాటించారు. ఇంతవరకు కథనాలన్నీ ఏకీభవిస్తున్నాయి. తేడాలు ఆ తర్వాత మొదలవుతాయి.

మొదటిది, రాణి అక్కడ ఉన్నట్టు రాసినవారున్నారు. ఆమె అప్పుడు స్కాట్లండ్‌లోని బాల్మోరల్‌లో ఉంది. ప్యాలెస్ ఆవరణలో నిలబడినవారు ఆమె కుమారుడు ఆండ్రూ, అమెరికన్ రాయబారి విలియం ఫారిష్. రెండవది, ఇది రాణి ఆదేశమని కొన్ని కథనాలు, రాణి అనుమతి అని మరికొన్ని కథనాలు చెబుతున్నాయి. ఈ రెంటి మధ్య తేడా చిన్నది కాదు. అయితే ఆమె ఇష్టం లేకుండా ఆ గీతం అక్కడ మోగే అవకాశం లేదు కాబట్టి, నిర్ణయం ఆమెదే అనడం సాహసం కాబోదు. మూడవది, శతాబ్దాల సంప్రదాయాన్ని రాణి తొలిసారి తోసిరాజన్నదనే మాట. దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం కష్టం. గార్డు మారేటప్పుడు ఆ బ్యాండ్లు సినిమా పాటలు, పాప్ పాటలు వాయించడం మామూలే. విదేశీ అధినేతలు వచ్చినప్పుడు లాంఛనంగా వారి జాతీయగీతం వాయించడమూ కొత్తది కాదు. అసాధారణమైనది ఏమిటంటే, అతిథి ఎవరూ రాకుండా, రోజువారీ తంతు మధ్యలో, పరాయిదేశపు గీతాన్ని సంతాపసూచకంగా వాయించడం. దావా ఇంతవరకు కుదించుకుంటే నిలుస్తుంది.

ఆ ఉదయం ప్యాలెస్ బయట ఎవరున్నారన్నది అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. అమెరికా తన గగనతలాన్ని మూసేయడంతో తిరిగి వెళ్లలేక లండన్‌లో చిక్కుకుపోయిన అమెరికన్లు చాలామంది ఆ గుంపులో ఉన్నారు. ఇనుప ఊచలు పట్టుకుని, చేతుల్లో చిన్న జెండాలతో, ఏడుస్తూ పాడుతున్నవారు ఆనాటి ఫొటోల్లో, వీడియోల్లో కనిపిస్తారు. సంతాపం సాధారణంగా సముద్రం దాటి చేరవలసి ఉంటుంది. ఇక్కడ చేరవలసినవారు ఇనుప కంచె అవతలే నిలబడి ఉన్నారు.

ఆ గీతం పుట్టుక గురించి ఒక మాట. ఫ్రాన్సిస్ స్కాట్ కీ దాన్ని రాసింది 1814లో, బాల్టిమోర్ దగ్గరి ఫోర్ట్ మెక్‌హెన్రీ మీద బ్రిటిష్ నౌకలు రాత్రంతా ఫిరంగులు పేల్చడం చూసి. బాణీ మాత్రం లండన్‌లోని ఒక సంగీత గోష్ఠి కోసం జాన్ స్టాఫర్డ్ స్మిత్ అనే ఆంగ్లేయుడు కట్టినది. అంటే బ్రిటిష్ ఫిరంగుల మీద రాసిన పాటను, బ్రిటిష్ బాణీలో, బ్రిటిష్ రాణి ఇంటి ముందు, బ్రిటిష్ సైనికులు వాయించారు. పైగా ఆ ఫిరంగి దాడి మొదలైంది కూడా ఒక సెప్టెంబరు 13నే. ఈ తేదీల కలయికను ఆనాడు ఎవరైనా ఉద్దేశించారనడానికి ఆధారం లేదు. గురువారం అయ్యేసరికి అలా కుదిరిందనుకోవడమే క్షేమం.

4. రాణి వాక్యం. దుఃఖం అనేది ప్రేమకు మనం చెల్లించే వెల అన్న అర్థం వచ్చే వాక్యం ఎలిజబెత్ రాణి పేరున విస్తృతంగా ప్రచారంలో ఉంది. 2022లో ఆమె మరణించినప్పుడు అది మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఇది ఆమె నోటివెంట వచ్చిందనుకుంటారు. నిజానికి ఇది 2001 సెప్టెంబరు 20న, న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ మీది సెయింట్ థామస్ చర్చిలో బ్రిటిష్ మృతుల కోసం జరిగిన ప్రార్థనలో, ఆమె సందేశంలో భాగంగా రాయబారి సర్ క్రిస్టఫర్ మేయర్ చదివినది. టోనీ బ్లెయిర్, బిల్ క్లింటన్, కోఫీ అన్నాన్ ఆ ప్రార్థనకు హాజరయ్యారు. బ్లెయిర్ అదే సాయంత్రం వాషింగ్టన్ వెళ్లి, పైన చెప్పిన బుష్ ప్రసంగం జరుగుతుండగా గ్యాలరీలో కూర్చున్నాడు.

వాక్యం పుట్టుక ఇంకా వెనక్కి పోతుంది. బ్రిటిష్ మానసిక వైద్యుడు కాలిన్ మర్రే పార్క్స్ ఆప్తుల్ని పోగొట్టుకున్నవారి మీద 1972లో ప్రచురించిన అధ్యయన గ్రంథంలో ఇదే భావం, దాదాపు ఇదే ఉపమానంతో కనిపిస్తుంది. ఒక తేడా గమనించదగ్గది: పార్క్స్ 'బహుశా' అన్నట్టుగా చెప్పాడు, సందేశంలో ఆ సందిగ్ధత లేదు. సందేశం ముసాయిదా తయారు చేసినవారు ఆ గ్రంథం చదివి ఉండవచ్చు. లేదా మాట అప్పటికే నానుడిగా నలిగి ఉండవచ్చు. రెండో అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. లండన్ గ్రోవెనర్ స్క్వేర్‌లో 2003లో తెరిచిన స్మారక తోటలో చెక్కినది సందేశంలోని రూపమే. రాతి మీద 'బహుశా'కు చోటు ఉండదు.

5. 'మేమందరం అమెరికన్లం.' ఫ్రెంచి పత్రిక లె మోంద్ శీర్షికగా ప్రపంచమంతా ఎత్తి చూపిన వాక్యమిది. దీని విషయంలో మూడు పొరపాట్లు తరచుగా దొర్లుతున్నాయి.

(క) తేదీ. పత్రిక మీద ఉన్నది 2001 సెప్టెంబరు 13. దాంతో రెండు రోజులు ఆలోచించి రాశారని కొందరు వ్యాఖ్యానించారు. లె మోంద్ సాయంకాల పత్రిక. మధ్యాహ్నం పారిస్‌లో అమ్మకానికి వచ్చే సంచిక మీద మర్నాటి తేదీ వేయడం దాని రివాజు. కాబట్టి ఆ సంచిక జనం చేతికి వచ్చింది 12నే. రచన దాడి జరిగిన ఇరవై నాలుగు గంటల లోపు, బహుశా ఒక్క రాత్రిలో జరిగింది.

(చ) స్థానం. అది పతాక శీర్షిక కాదు. మొదటి పేజీలో వేసిన సంపాదకీయానికి పెట్టిన పేరు. రాసినవాడు అప్పటి సంచాలకుడు జాన్ మారీ కొలంబానీ. పతాక శీర్షిక వార్త చెప్పింది. ఈ వాక్యం ఒక వ్యక్తి, ఒక పత్రిక తరఫున తీసుకున్న వైఖరి. ఫ్రాన్స్ దేశమంతా అలా అన్నదని రాయడం అతిశయోక్తి.

(ట) సారం. దీని మీదే ఎక్కువ ఆగాలి. శీర్షిక చూసినవారు లోపలి వ్యాసం కూడా అదే స్వరంలో సాగి ఉంటుందని ఊహిస్తారు. వ్యాసం సంఘీభావంతోనే మొదలవుతుంది. బెర్లిన్‌లో కెనడీ అన్న మాటను గుర్తు చేస్తుంది. ఆ తర్వాత మెల్లగా దారి మళ్లుతుంది. సాటిలేని ఏకైక శక్తిగా మిగిలిన అమెరికా ప్రపంచంలో అనేకచోట్ల ప్రేమను సంపాదించుకోలేకపోయిందని అంటుంది. అఫ్గానిస్తాన్ యుద్ధకాలంలో బిన్ లాడెన్ వంటివారిని అమెరికన్ గూఢచార వ్యవస్థే పెంచి పోషించిందేమో, ఈ భూతాన్ని అమెరికాయే కన్నదేమో అన్న ప్రశ్న కూడా వేస్తుంది. బిన్ లాడెన్‌కూ సి.ఐ.ఏ.కూ నేరుగా సంబంధం ఉందన్న వాదన ఈనాటికీ వివాదాస్పదమే. దాన్ని ఇక్కడ సమర్థించడం లేదు. చూడవలసింది ఒక్కటే. పరామర్శ, విమర్శ రెండూ ఒకే వ్యాసంలో, ఒకే రోజున, ఒకే చేత్తో రాసినవి. 2003లో ఇరాక్ యుద్ధం వేళ ఫ్రాన్స్ ఎదురు తిరిగినప్పుడు, రెండేళ్లలో ఫ్రెంచివాళ్లు మాట మార్చారని అమెరికన్ వ్యాఖ్యాతలు నిష్ఠూరమాడారు. సంపాదకీయాన్ని చివరిదాకా చదివితే ఆ నిష్ఠూరానికి బలం తగ్గుతుంది. మారడానికి అవతల ఉన్నది బేషరతు మాట కాదు. కొలంబానీ కూడా 2002లో ఇదే విషయం మీద పుస్తకం వేస్తూ, శీర్షికలోని మాటకు ఒక ప్రశ్నార్థకం తగిలించాడు.

'మేమందరం ఫలానావాళ్లం' అనే ఈ నుడికారం మూలాన్ని సాధారణంగా 1963 జూన్ 26 నాటి కెనడీ బెర్లిన్ ప్రసంగంతో ముడిపెడతారు. కొలంబానీ వ్యాసమే దానికి ఊతమిచ్చింది. అయితే కెనడీ అన్నది 'నేను' అని. 'మేమందరం' అని కాదు. బహువచనానికి దగ్గరి పూర్వరూపం పారిస్‌లోనే ఉంది. 1968 మేలో విద్యార్థి నాయకుడు డానియెల్ కోన్-బెండిట్‌ను దేశంలోకి రానివ్వనప్పుడు, ఊరేగింపుల్లో విద్యార్థులు తామందరం జర్మన్ యూదులమని నినదించారు. 1968 నాటి తరానికి ఆ నినాదం కంఠస్థం. పారిస్ పత్రికా కార్యాలయంలో కూర్చున్నవాడి చెవిలో రెండూ మోగి ఉండటం అసంభవం కాదు. ఇంతకుమించి చెప్పడం ఊహ అవుతుంది. 2015 జనవరి 7న వ్యంగ్య పత్రిక చార్లీ ఎబ్దో కార్యాలయం మీద దాడి జరిగినప్పుడు జొవాకిం రోన్‌సాన్ రూపొందించిన 'నేను చార్లీని' అన్న బొమ్మ మళ్లీ ఏకవచనానికి వచ్చింది.

6. ప్రభుత్వాల సంతాపాలు. వీటి గురించి త్వరగా చెప్పుకోవచ్చు. పత్రాలు స్పష్టంగా ఉన్నాయి. సెప్టెంబరు 12న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1368వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. మామూలుగా చేతులెత్తే సభ్యులు ఆ రోజు లేచి నిలబడి ఓటు వేశారు. మృతుల కుటుంబాలకు ప్రగాఢ సానుభూతి, ఆత్మరక్షణ హక్కుకు గుర్తింపు ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ గుర్తింపు బలప్రయోగానికి అనుమతి అవుతుందా కాదా అని న్యాయశాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు. నాటో 5వ అధికరణాన్ని చరిత్రలో తొలిసారి అమలు చేసిందని చెప్పే తేదీ కూడా సెప్టెంబరు 12. ఆనాటి ప్రకటన మాత్రం షరతుతో కూడినది: దాడి బయటి దేశం నుంచి జరిగిందని తేలితేనే అని. తేలిందని ప్రధాన కార్యదర్శి రాబర్ట్‌సన్ ప్రకటించింది అక్టోబరు 2న. పుస్తకాల్లో రెండు తేదీలు కనిపించడానికి కారణం ఇదే.

మొట్టమొదట ఫోన్ చేసిన విదేశీ నేత పుతిన్ అన్న మాటకూ ఇలాంటి సవరణే కావాలి. సెప్టెంబరు 11న ఆయన ఫోన్ చేసినప్పుడు బుష్ విమానంలో ఉన్నాడు. మాట్లాడింది జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్. అధ్యక్షులిద్దరూ మాట్లాడుకున్నది మర్నాడు. తొలి పిలుపు పుతిన్‌దే కావచ్చు, తొలి సంభాషణ అనడం సరికాదు. రష్యా తరఫున శిల్పి జురాబ్ త్సెరెతెలీ చేసిన కన్నీటిచుక్క స్మారకం 2006 సెప్టెంబరు 11న న్యూజెర్సీలోని బయోన్ రేవులో ప్రారంభమైంది. మొదట దాన్ని పక్కనే ఉన్న జెర్సీ సిటీకి ఇవ్వజూపితే ఆ ఊరు వద్దంది.

7. పట్టికలో లేనివి. బుష్ ప్రసంగంలోని జాబితాలో సియోల్, కైరో ఉన్నాయి, టెహ్రాన్ లేదు. మృతుల దేశాల్లో ఇరాన్ పేరు ఉందిగాని, దుఃఖించినవారిలో లేదు. అధ్యక్షుడు ఖాతమీ దాడిని వెంటనే ఖండించాడు. టెహ్రాన్ మేయర్ మొర్తెజా అల్వీరీ న్యూయార్క్ మేయర్ జూలియానీకి సంతాప సందేశం పంపాడు. 1979 తర్వాత ఇరుదేశాల అధికారుల మధ్య ఇలాంటి బహిరంగ సందేశం అరుదు. టెహ్రాన్‌లోని మొహ్సెనీ కూడలిలో యువతీయువకులు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డ ఫొటోలు విరివిగా దొరుకుతాయి. ఇది ఒకే రాత్రి జరిగిందా, అంతకంటే ఎక్కువసార్లా అన్నదానిపై కథనాలు కలవవు; పోలీసులు ఒక దశలో చెదరగొట్టారని కూడా కొన్నింటిలో ఉంది. బహుశా రెండు వేర్వేరు రాత్రుల వర్ణనలు ఒకటిగా కలిసి ఉంటాయి. కొవ్వొత్తులు పట్టినవారు ప్రభుత్వానికి ప్రతినిధులు కారు. ప్రభుత్వం చెప్పినదానికీ వీరు చేసినదానికీ మధ్య దూరం ఎంతన్నది ఫొటో తేల్చలేదు. 2002 జనవరి 29న బుష్ ఇరాన్‌ను ఇరాక్, ఉత్తర కొరియాల సరసన దుష్టకూటమిలో చేర్చాడు. టెహ్రాన్ ప్రస్తావన సెప్టెంబరు 20 జాబితాలో లేకపోవడం ఉద్దేశపూర్వకమా, యాదృచ్ఛికమా అని అడిగితే, మొదటిదానికే మొగ్గు చూపవలసి వస్తుంది. రాయబార సంబంధాలు లేని దేశానికి అంత పెద్ద వేదిక మీద కృతజ్ఞత చెప్పడం ఏ అమెరికన్ అధ్యక్షుడికైనా కష్టమే.

యాసర్ అరాఫాత్ గాజాలో రక్తదానం చేస్తున్న ఫొటో మరో కోవకు చెందినది. ఆయన పడుకుని చొక్కా చేయి పైకి మడిచి ఉండటం అందులో కనిపిస్తుంది. సూది నిజంగా గుచ్చలేదని, కెమెరాల కోసం ఏర్పాటు చేసిన దృశ్యమని తర్వాత కొందరు రాశారు. ఆ ఆరోపణను పక్కన పెట్టినా ఒక సంగతి మిగులుతుంది. గాజాలో ఇచ్చిన రక్తం న్యూయార్క్ చేరే మార్గం లేదు. న్యూయార్క్‌కు అవసరమూ లేకపోయింది: గాయపడి బతికినవారు అనుకున్నదానికంటే చాలా తక్కువ కావడంతో, అమెరికన్లు స్వయంగా ఇచ్చిన రక్తమే కొంత వాడుకలేక పారబోయవలసి వచ్చింది. ఈ లెక్కన ఆ వారం ప్రపంచమంతటా జరిగిన రక్తదానాల్లో చాలాభాగం దృశ్యమే. ఒక్క అరాఫాత్‌నే వేరుచేసి తప్పుపట్టడం ఎంతవరకు సబబన్నది ఆలోచించాలి.

8. ఎనూసాయెన్ ఆవులు. పట్టికలో చేరే అవకాశమే లేనిది ఇది, ఎందుకంటే జరిగింది 2002 జూన్ మొదట్లో. నైరుతి కెన్యాలో, టాంజానియా సరిహద్దుకు చేరువలో ఉన్న మసాయి గ్రామం ఎనూసాయెన్. ఆ గ్రామస్థులు అమెరికా ప్రజలకు 14 ఆవులు ఇచ్చారు. అమెరికన్ రాయబార కార్యాలయంలో రెండో స్థానంలోని అధికారి విలియం బ్రెన్సిక్ అక్కడికి వెళ్లి స్వీకరించాడు. ఎర్రవస్త్రాలు కట్టుకున్న పెద్దలు ఆవులను దీవించి అప్పగించారు. ఆ ఊరి కుర్రాడు విల్సన్ కిమేలి నయొమా అమెరికాలో చదువుకుంటూ, దాడి రోజున న్యూయార్క్‌లోనే ఉన్నాడు. ఊరికి తిరిగివచ్చి తాను చూసినది చెప్పాడు. ఇవి వివాదం లేని అంశాలు.

వివాదం ఉన్నవి రెండు. ఒకటి: తొమ్మిది నెలలపాటు మసాయిలకు దాడి సంగతే తెలియదన్న ప్రచారం. వార్త అక్కడికి ఆలస్యంగా చేరిందన్న ధోరణిలో అమెరికన్ పత్రికల్లో వచ్చిన శీర్షికలు దీనికి కొంత కారణం. కానీ శీర్షికల కింది కథనాలను బట్టి చూస్తే చాలామంది దాడి జరిగిన కొద్దిరోజులకే రేడియోలో విన్నారు. నయొమా తెచ్చింది వార్త కాదు, వివరం: మేడలు అంత ఎత్తుంటాయని, మనుషులు అంత ఎత్తు నుంచి దూకారని. విన్నంత మాత్రాన ఊహకు అందనిది, సొంత ఊరివాడు కూర్చోబెట్టి చెప్పాక అందింది. ఇది న్యూయార్క్‌కు దూరంగా ఉన్న ఏ ఊరికైనా వర్తిస్తుంది. ఇందులో అమాయకపు పల్లెవాసుల కథ వెతకనక్కరలేదు.

రెండు: ఆవులు ఏమయ్యాయి? అమెరికా వెళ్లాయని కొందరు నమ్ముతారు, వెనక్కి ఇచ్చేశారని కొందరు. పశువులను అంత దూరం చేర్చడం కష్టమని బ్రెన్సిక్ అక్కడికక్కడే సూచించాడు. వాటిని అమ్మి, ఆ సొమ్ముతో మసాయి పూసల నగలు కొని అమెరికాలో ప్రదర్శనకు పెట్టే ఆలోచన రాయబార కార్యాలయానికి ఉండేది. ఇది తెలిసి అమెరికాలోనే పలువురు అభ్యంతరం చెప్పారు, ఇచ్చిన ఆవులనే తీసుకోవాలన్నారు. చివరికి అమ్మకం జరగలేదు. ఆవులు గ్రామంలోనే, అమెరికా ప్రజల సొత్తుగా, పెద్దల సంరక్షణలో ఉండిపోయాయి. దూడలు పుట్టి మంద పెరిగింది. తర్వాతి ఏళ్లలో అమెరికన్ పక్షం ఆ ఊరి విద్యార్థులు 14 మందికి చదువు సాయం ఏర్పాటు చేసింది, ఆవుకొకరు అన్న లెక్కన.

తెలుగు పాఠకుడికి ఇక్కడ గోదానం స్ఫురించడం సహజం. పోలిక కొంతదూరమే సాగుతుంది. మన అపరకర్మల్లో గోవును ఇచ్చేది చనిపోయినవారి కుటుంబం, ఫలం పోయినవారికి. ఎనూసాయెన్‌లో ఇచ్చింది బయటివారు. అది చేరవలసింది బతికి ఏడుస్తున్నవారికి. మసాయిలకు ఆవు ఆస్తి మాత్రమే కాదు, ఆదరువు కూడా. దిగులుపడ్డ మనిషికి ఆవును ఇవ్వడం వారిలో ఓదార్పు పద్ధతి. కాబట్టి దీన్ని విరాళాల ఖాతాలో రాసి డాలర్లలో విలువ కట్టిన కథనాలు ఒక పొరపాటు చేశాయి. పుణ్యకార్యంగా వర్ణించే మన కథనాలు మరో పొరపాటు చేసే ప్రమాదం ఉంది. 2009లో నయొమా సహకారంతో కార్మెన్ అగ్రా డీడీ రాసిన పిల్లల పుస్తకం ఈ ఉదంతాన్ని అమెరికన్ బడుల్లోకి తీసుకువెళ్లింది. పూసల నగల గొడవకూ, రవాణా చిక్కులకూ సాక్ష్యం కావాలంటే మాత్రం 2002 వేసవి నాటి వార్తలకే పోవాలి.